లోహమూ కొండా: విద్యుద్విశ్లేషణం లేవనెత్తే ఒక తాత్త్విక ప్రశ్న

ఒక వస్తువును భాగాలుగా విడదీసినప్పుడు బయటపడేది ఆ వస్తువు అసలు స్వరూపమా, లేక విడదీయడం వల్లనే కొత్తగా పుట్టిన మరో వస్తువా అన్నది భారతీయ దర్శనాలు శతాబ్దాల పాటు వాదించుకున్న ప్రశ్న. ఉన్నత పాఠశాలలోని రసాయన శాస్త్ర పాఠం ఈ వాదంలోకి దిగదు గాని, ఉప్పు అంటే సోడియమూ క్లోరినూ అనీ, బాక్సైటు అంటే అల్యూమినియం ఖనిజమనీ చెప్పేటప్పుడు ఆ ప్రశ్నకు ఏదో ఒక సమాధానాన్ని చడీచప్పుడు లేకుండా ఖాయం చేసేస్తుంది. వస్తువు కన్నా దాని భాగాలే ఎక్కువ నిజమన్న భావన విద్యార్థి మనసులో అలా స్థిరపడుతుంది. దీనివల్ల చాలాచోట్ల ఎవరికీ నష్టం ఉండదు. ఉప్పు అసలు స్వరూపాన్ని గురించి ఎవరు ఏమనుకున్నా ఉప్పు రుచి మారదు.

అయితే అల్లూరి సీతారామరాజు జిల్లాలో, అరకు లోయకూ పాడేరుకూ నడుమ ఉన్న హుకుంపేట మండలం వంటి చోట ఇదే భావనకు బరువు ఎక్కువ. భగత, కొండదొర, వాల్మీకి, కోందు, పోర్జ తదితర తెగలవారు నివసించే ఈ తూర్పు కనుమల ప్రాంతంలో, భూగర్భ శాస్త్రజ్ఞుల పటాలు బాక్సైటు నిక్షేపాలుగా గుర్తించిన ఎత్తైన కొండల వరస ఉంది. అదే వరసలో గ్రామస్థులు దేవతలుగా కొలిచే కొండలూ ఉన్నాయి. ఆశ్రమ పాఠశాలలో చదివే ఆదివాసీ విద్యార్థి పగలు తరగతిలో ఒక మాటా, పండుగనాడు ఊళ్లో ఒక మాటా వింటాడు. ఈ రెండింటిలో ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కాక తప్పదా అన్నదే ఇక్కడి చర్చ. ఆ చర్చ సక్రమంగా సాగాలంటే విద్యుద్విశ్లేషణం నిజంగా ఏమి చేస్తుందో ముందు తెలుసుకోవాలి.

విద్యుద్విశ్లేషణం చేసేదేమిటి?

పరమాణువు ఎలక్ట్రాన్లను పోగొట్టుకున్నప్పుడు గాని అదనంగా పొందినప్పుడు గాని విద్యుదావేశాన్ని సంతరించుకుంటుంది. అలా ఆవేశం పొందిన కణాన్ని అయాన్ అంటారు. ధనావేశం గల అయాన్లూ ఋణావేశం గల అయాన్లూ పరస్పర ఆకర్షణ వల్ల ఒక క్రమంలో పేర్చుకుని ఏర్పడిన పదార్థం అయానిక పదార్థం. ఉప్పు ఇందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ. ఘన స్థితిలో ఈ అయాన్లు తమ తమ స్థానాల్లో కంపిస్తూ ఉంటాయే తప్ప కదిలిపోలేవు గనుక గట్టి ఉప్పు విద్యుత్తును ప్రసరింపనీయదు. దాన్ని 801 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేసి కరిగించినా, నీటిలో కలిపినా అయాన్లకు సంచరించే వీలు కలుగుతుంది. కరిగిన ఉప్పులో రెండు విద్యుద్ధ్రువాలను, అంటే విద్యుత్తును లోపలికీ బయటికీ చేరవేసే రెండు వాహక కడ్డీలను ఉంచి ఏకముఖ విద్యుత్తును పంపితే, సోడియం అయాన్లు ఋణధ్రువమైన కాథోడు వద్దకు చేరి, ఒక్కొక్కటీ ఒక ఎలక్ట్రాన్‌ను స్వీకరించి సోడియం లోహంగా మారతాయి. ఇలా ఎలక్ట్రాన్లను స్వీకరించడమే క్షయకరణం. క్లోరైడ్ అయాన్లు ధనధ్రువమైన ఆనోడు వద్ద ఎలక్ట్రాన్లను వదిలి క్లోరిన్ వాయువుగా వెలువడతాయి. ఇలా ఎలక్ట్రాన్లను వదలడమే ఆక్సీకరణం.

1807లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ కరిగించిన క్షారాల గుండా విద్యుత్తును పంపి, అంతకు ముందు ఎవరూ చూడని పొటాషియం, సోడియం లోహాలను వేరుచేశాడు. డేవీ వద్ద సహాయకుడుగా పనిచేసిన మైకేల్ ఫారడే 1830లలో ఈ ప్రక్రియను కొలతలోకి తెచ్చి, పంపిన విద్యుత్తు ఎంతో వెలువడే పదార్థం కూడా ఆ నిష్పత్తిలోనే ఉంటుందని నిరూపించాడు. నేటి లెక్కలో 96,485 కూలుంబుల విద్యుత్తు పంపితే 23 గ్రాముల సోడియం వస్తుంది. అంతే విద్యుత్తుకు అల్యూమినియం మాత్రం 9 గ్రాములే వస్తుంది, ఎందుకంటే ప్రతి అల్యూమినియం అయాన్ లోహంగా మారడానికి మూడేసి ఎలక్ట్రాన్లు కావాలి.

స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అరీనియస్ 1884లో సమర్పించిన పరిశోధన వ్యాసంతో మొదలుపెట్టి ఆ తరువాతి సంవత్సరాల్లో స్థాపించిన సిద్ధాంతం ఈ చర్చకు మరింత ముఖ్యమైనది. ద్రావణంలో అయాన్లను పుట్టించేది విద్యుత్తు కాదనీ, ఉప్పు నీటిలో కలిసినప్పుడే అవి విడివిడిగా ఉంటాయనీ, విద్యుత్తు వాటిని చెరొక దిక్కుకు నడిపించి వాటి ఆవేశాన్ని తీసివేస్తుందనీ ఆయన ప్రతిపాదించాడు. అంటే విద్యుద్విశ్లేషణంలో రెండు వేర్వేరు సంగతులు కలగలిసి ఉన్నాయి. అయాన్లు ఒకదాని పట్టు నుంచి మరొకటి విడివడడం మొదటిది. దీన్ని వేడిమో నీరో చేస్తుంది. విడివడిన అయాన్ తన ఆవేశాన్ని కోల్పోయి లోహంగానో వాయువుగానో మారడం రెండోది. ఇది విద్యుత్తు పని. విడివడే అయాన్ అంతకు ముందే ఉప్పులో ఉంది. మెత్తగా ఉండి, కత్తితో కోయడానికి వీలై, నీటిలో పడితే భగ్గుమనే సోడియం లోహం మాత్రం ఉప్పులో ఎక్కడా లేదు. అది కాథోడు వద్ద ఆ క్షణాన పుట్టింది. ఉప్పునీటి గుండా విద్యుత్తును పంపితే కాథోడు వద్ద సోడియానికి బదులు హైడ్రోజన్ రావడం కూడా ఈ సంగతినే బలపరుస్తుంది. సోడియం అయాన్ల కన్నా నీరే సులువుగా ఎలక్ట్రాన్లను తీసుకుంటుంది గనుక, ఒకే ఉప్పు నుంచి ఏది వెలువడుతుందన్నది ఉప్పులో ఏముందన్న దానితో పాటు, దాన్ని ఏ స్థితిలో, ఏ సాధనంతో విడదీశారన్న దాని మీద కూడా ఆధారపడుతుంది.

కొండ నుంచి లోహం దాకా

తూర్పు కనుమల్లో విస్తారంగా కనిపించే ఒక రకం శిలకు భూగర్భ శాస్త్రంలో ఖోండలైటు అని పేరు. ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాల్లో టి.ఎల్. వాకర్ అనే శాస్త్రజ్ఞుడు ఈ కొండల్లోని కోందు తెగ పేరు మీద దానికి ఆ పేరు పెట్టాడు. లక్షల సంవత్సరాల పాటు ఎండా వానా పడుతూ, ఈ శిలలోని సిలికా వంటి కరిగే పదార్థాలు నీటితో పాటు కొట్టుకుపోగా, కరగని అల్యూమినియం, ఇనుము సమ్మేళనాలు కొండ శిఖరాల మీద టోపీలాగా మిగిలిపోయాయి. ఆ మిగులే బాక్సైటు. అరకు చుట్టుపక్కల గాలికొండ, రక్తకొండ, చిత్తంగొంది, చింతపల్లి వైపు జెర్రెల, ఒడిశాలో కోరాపుట్ జిల్లాలోని పంచపట్మాలి, రాయగడ, కలహండి జిల్లాల సరిహద్దులోని నియమగిరి ఇటువంటి శిఖరాలే. సూక్ష్మ రంధ్రాలతో నిండిన ఈ పైపొర వాననీటిని పీల్చుకుని నెమ్మదిగా విడుస్తుంది. కొండ వాలుల్లో ఊటలు పుట్టి గెడ్డలుగా పారడానికీ, వాటి కింద వరి మళ్లు తడవడానికీ అది తోడ్పడుతుంది.

బాక్సైటులో అల్యూమినియం లోహం రవ్వంతైనా ఉండదు. ఆక్సిజన్‌తోనూ, నీటి అంశతోనూ గట్టిగా బంధింపబడిన అల్యూమినియం మాత్రమే ఉంటుంది. 1888లో ఆస్ట్రియా శాస్త్రవేత్త కార్ల్ యోసెఫ్ బేయర్ రూపొందించిన పద్ధతిలో బాక్సైటును కాస్టిక్ సోడాతో వేడిచేసి తెల్లటి పొడి అయిన అల్యూమినాను, అంటే శుద్ధమైన అల్యూమినియం ఆక్సైడ్‌ను తీస్తారు; ఇనుము కలిసిన ఎర్రటి క్షార బురద వ్యర్థంగా మిగులుతుంది. అల్యూమినా 2,000 డిగ్రీలు దాటితే గాని కరగదు గనుక దాన్ని నేరుగా కరిగించి విద్యుద్విశ్లేషణం చేయడం చాలాకాలం సాధ్యం కాలేదు. 1886లో అమెరికాలో చార్లెస్ మార్టిన్ హాల్, ఫ్రాన్సులో పాల్ ఎరూ, ఒకరికొకరు తెలియకుండానే, క్రయొలైట్ అనే ఫ్లోరైడ్ లవణాన్ని కరిగించి అందులో అల్యూమినాను కలిపితే 950 డిగ్రీల ప్రాంతంలోనే పని జరుగుతుందని కనుగొన్నారు. ఆ ద్రవంలో అల్యూమినియం ఫ్లోరైడ్‌తో, ఆక్సిజన్‌తో కూడిన సంక్లిష్ట అయాన్లుగా ఉంటుందనీ, పాఠ్యపుస్తకాల్లోని మూడు ధనావేశాల అయాన్ చిత్రం బోధన కోసం చేసిన సరళీకరణమనీ తరువాతి పరిశోధనలు తేల్చాయి. కాథోడు వద్ద కరిగిన అల్యూమినియం అడుగున చేరుతుంది. ఆనోడు కర్బనంతో చేసినది గనుక అక్కడికి వచ్చిన ఆక్సిజన్ ఆ కర్బనాన్నే తినివేసి బొగ్గుపులుసు వాయువుగా వెలువడుతుంది.

సుమారు నాలుగు టన్నుల బాక్సైటు నుంచి రెండు టన్నుల అల్యూమినా, దాని నుంచి ఒక టన్ను అల్యూమినియం వస్తాయి. ఆ చివరి మెట్టుకే దాదాపు 13,000 నుంచి 15,000 యూనిట్ల విద్యుత్తు ఖర్చవుతుంది. ఆ విద్యుత్తు కూడా ఎక్కడో ఒక నదినో బొగ్గు గనినో ఆశ్రయించి రావలసిందే. పంచపట్మాలి బాక్సైటును తవ్వే నాల్కో సంస్థ దమన్‌జోడిలో అల్యూమినాను తీసి, దాన్ని లోహంగా మార్చే పనిని అంగుల్‌లో, బొగ్గుతో నడిచే సొంత విద్యుత్కేంద్రం పక్కన పెట్టుకున్నది ఇందుకే. ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో 1955లో విద్యుదుత్పత్తి ప్రారంభించిన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం కోసం ఊళ్లు వదిలినవారిలో గదబలతో పాటు ఈ కొండల తెగలవారెందరో ఉన్నారు. విడదీయడానికి ఎప్పుడూ మూల్యం ఉంటుందనీ, ఆ మూల్యాన్ని చెల్లించేవారు లోహాన్ని పొందేవారే కావాలన్న నియమం లేదనీ ఈ లెక్కలు చూపుతాయి.

అవయవాలూ అవయవీ

పై వివరాలతో దర్శనాల వాదాన్ని తిరిగి చూడవచ్చు. న్యాయ, వైశేషిక దర్శనాల ప్రకారం భాగాలు అవయవాలు; వాటిలో ఉంటూ వాటికన్నా భిన్నమైన ఒక ద్రవ్యంగా ఏర్పడేది అవయవి. దారాలు అవయవాలైతే వస్త్రం అవయవి. దారాలకు లేని గుణాలు వస్త్రానికి ఉంటాయి. అవయవి అన్నది లేదంటే కంటికి ఏదీ కనిపించకూడదనీ, ఎందుకంటే విడి పరమాణువులు కనిపించేవి కావనీ, ఒక వస్తువును ఒక అంచున పట్టి లాగితే అంతా కదిలి వస్తుంది గనుక అది ఒకటేనని ఒప్పుకోక తప్పదనీ నైయాయికులు వాదించారు. బౌద్ధులు దీన్ని అంగీకరించలేదు. సైనికుల గుంపును సేన అనీ, చెట్ల గుంపును వనమనీ పిలిచినట్టే, భాగాల కూడికకు వ్యవహారం కోసం పెట్టిన పేరే వస్తువనీ, భాగాలకు వేరుగా వస్తువు లేదనీ వారి మతం. శ్రీపర్వతంతో, అంటే కృష్ణాతీరంలోని నాగార్జునకొండతో సంప్రదాయం ముడిపెట్టే ఆచార్య నాగార్జునుడు ఇంకొక అడుగు ముందుకు వేసి, అవయవికి మాత్రమే కాదు, అవయవానికి కూడా ఇతరాల మీద ఆధారపడని స్వభావం లేదన్నాడు. సాంఖ్యులు వేరే దారిలో, కార్యం కారణంలో ముందే అవ్యక్తంగా ఉంటుందనీ, పుట్టడమంటే వ్యక్తం కావడమేననీ చెప్పారు.

ఈ వాదాలను ఒకదాని మీద ఒకటి గెలిపించే ప్రయోగం లేదు గాని, విద్యుద్విశ్లేషణం వాటిలో దేనికి ఎంత చోటుందో చూపగలదు. అయాన్ విషయంలో సాంఖ్యుల మాటకు బలం ఉంది. అది ముందే ఉన్నది, తరువాత బయటపడింది. లోహం విషయంలో న్యాయ వైశేషికుల మాటకు బలం ఉంది. ముందు లేని ద్రవ్యం, ముందు లేని గుణాలతో, కొత్తగా ఆరంభమైంది. బౌద్ధుల మాట రెండు చోట్లా ఒక హెచ్చరికగా నిలుస్తుంది: అయాన్ అన్నా, లోహమన్నా, ఏదీ తన చుట్టూ ఉన్న వేడిమి, ద్రావణి, ఎలక్ట్రాన్ల ఇచ్చిపుచ్చుకోలు లేకుండా తనంతట తాను అది కాదు. అందువల్ల కొండ నిజానికి అల్యూమినియమేనని అనేవారు శాస్త్రం పేరుతో శాస్త్రం చెప్పని మాటను చెబుతున్నారు. కొండలో లోహం లేదు. కొండను నాశనం చేసి, దానికి మంటా క్షారమూ విద్యుత్తూ చేర్చితే లోహం పుడుతుంది. పుట్టిన దాన్ని పుట్టించిన దానికి అసలు స్వరూపంగా చెప్పడం తర్కానికి నిలవదు.

అగ్ని వస్తువును ఎంత లోతుగా మారుస్తుందన్న ప్రశ్న మీద కూడా ఈ దర్శనాలు ఒక సూక్ష్మమైన వివాదాన్ని నడిపాయి. ఆవంలో పెట్టిన పచ్చి కుండ ఎర్రబడినప్పుడు, ఆ వేడికి కుండ పరమాణువుల దాకా విచ్ఛిన్నమై, పరమాణువుల్లో రంగు మారి, అవి తిరిగి కుండగా కూడుకుంటాయని వైశేషికులు చెప్పారు. దీనికి పీలుపాకవాదమని పేరు. కుండ కుండగానే ఉండి, దాని రంధ్రాల గుండా ప్రవేశించిన తేజస్సు రంగును మారుస్తుందని నైయాయికులు చెప్పారు, ఇది పిఠరపాకవాదం. నడుమ ఎప్పుడో కుండ విరిగిపోయి ఉంటే దాని మీద పేర్చిన కుండలు పడిపోవాలి గదా అని నైయాయికుల ఆక్షేపణ. కొలిమిలోకి వెళ్లిన అల్యూమినా విషయంలో వైశేషికుల వర్ణనలోని మొదటి సగమే జరుగుతుంది. విచ్ఛిన్నం ఉంది, పూర్వరూపంతో తిరిగి కూడుకోవడం లేదు.

పదిహేడో శతాబ్దానికి చెందిన తెలుగు పండితుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో తేజస్సును నాలుగు రకాలుగా విభజించి, గనుల నుంచి పుట్టే బంగారం వంటి లోహాలను అందులో ఒక రకంగా చేర్చాడు. ఎంత తీవ్రంగా కాల్చినా కరిగిన బంగారపు ద్రవత్వం నశించదు గనుక అది భూమికి చెందదని దానికి ఆయన చూపిన హేతువు. నేటి రసాయన శాస్త్రం ఈ వర్గీకరణను అంగీకరించదు. అన్నంభట్టుకు విద్యుద్విశ్లేషణం ముందే తెలుసునని చెప్పుకోవడం కూడా ఆయనకు గౌరవం తెచ్చే పని కాదు. ఆ వాక్యంలో గౌరవించదగినది ప్రత్యక్షంగా చూసిన గుణం నుంచి హేతువును నిర్మించే క్రమశిక్షణ. ఆ క్రమశిక్షణే నేడు కొండ విషయంలోనూ అవసరం. ఏ గుణం దేనికి చెందుతుందో ముందు తేల్చుకోవాలి: నీటిని పట్టి ఉంచే గుణం బాక్సైటు పొరకూ, దాని కింది శిలకూ, పైనున్న అడవికీ, వాలుకూ కలిపి, అంటే అవయవికి చెందినది, విడి అల్యూమినియం పరమాణువుకు ఆ గుణం లేదు.

దీనికి ఒక బలమైన ప్రత్యుత్తరం ఉంది. నీటిని పట్టి ఉంచే గుణాన్ని కూడా రంధ్రాల పరిమాణం, శిలల అమరిక ఆధారంగా వివరించవచ్చు గనుక అవయవి గుణాలన్నీ చివరికి అవయవాలలోకే తగ్గిపోతాయని భౌతికవాది అనవచ్చు. వివరించవచ్చునన్నది నిజమే. కాని ఆ వివరణలో పరమాణువులతో పాటు వాటి అమరిక కూడా తప్పనిసరిగా చేరుతుంది. ఆ అమరికనే నైయాయికుడు అవయవి అని గుర్తిస్తున్నాడు, శుద్ధి కర్మాగారం మొట్టమొదట తీసివేసేదీ దాన్నే.

జాతీ వ్యక్తీ

ఇంతవరకు చెప్పినది కొండ ఒక సమగ్ర వస్తువని మాత్రమే నిరూపిస్తుంది. అది దేవత అని నిరూపించదు. ఆ ప్రశ్నకు జాతి, వ్యక్తి అన్న మరో జంట పదాలు అవసరం. అనేక వస్తువుల్లో సమానంగా ఉండే ధర్మం జాతి. ఆ ధర్మం గల ఒక్కొక్క వస్తువూ వ్యక్తి. రసాయన శాస్త్రం జాతిని గురించి మాట్లాడుతుంది. సోడియాన్ని క్లోరిన్‌లో మండిస్తే తిరిగి ఉప్పే వస్తుంది. ఆ ఉప్పుకూ మొదటి ఉప్పుకూ భేదం చూపగల పరీక్ష లేదు. ఒక ఉప్పుకల్లు స్థానంలో మరొకదాన్ని ఉంచితే ఏ సత్యమూ మారదు. ఈ మార్పిడికి వీలు ఉండబట్టే ప్రయోగాన్ని ఏ దేశంలో చేసినా ఫలితం ఒకటే అవుతుంది, విజ్ఞానం సార్వత్రికం అవుతుంది.

పూజ వ్యక్తిని గురించినది. విశాఖ మన్యంగా పిలిచే ఈ ప్రాంతంలో శంకుదేవుడు, నిసాని, జాకర వంటి పేర్లతో కొలిచే దేవతలు ఆయా ఊరి రాతిలో, ఆయా చెట్టు కింద, ఆయా కొండ మీద ఉంటారు. అక్కడి పూజారి మొక్కేది కొండ అనే జాతికి కాదు, తన ఊరి మీద నిలిచిన ఆ కొండకు. మరో చోట అంతే ఎత్తైన కొండను చూపి, దీనికి మొక్కుకోమని చెబితే ఆ పూజకు అర్థం ఉండదు. తల్లిని కోల్పోయినవాడికి అదే వయసుగల మరో స్త్రీని చూపడం ఎంత అసంగతమో ఇదీ అంతే. జాతిని గురించిన వాక్యం ఎంత సత్యమైనా వ్యక్తిని గురించిన వాక్యాన్ని ఖండించలేదు, ఎందుకంటే రెండింటి విషయం ఒకటి కాదు. బాక్సైటులో అల్యూమినియం ఆక్సైడ్ ఇంత శాతం ఉందన్న మాటా, ఈ కొండ మా దేవత అన్న మాటా ఒకే నోట అబద్ధం లేకుండా రాగలవు. మొదటి మాటను పట్టుకుని, కాబట్టి ఈ కొండ ఖనిజం తప్ప మరేమీ కాదని తీర్మానించినప్పుడే తప్పు జరుగుతుంది. ఆ తీర్మానంలోని ‘తప్ప మరేమీ కాదు’ అన్న భాగం ఏ ప్రయోగశాలలోనూ తేలినది కాదు.

ఊటల సంరక్షణ కోసమే పూర్వులు కొండను దేవతగా చేశారని చెప్పి విశ్వాసాన్ని సమర్థించేవారి వాదం కూడా ఇక్కడ నిలవదు. సదుద్దేశంతోనే అయినా, అది దేవతను నీటిపారుదల లెక్కలోకి మార్చుతుంది. రేపు గొట్టాల ద్వారా నీరిస్తామంటే ఆ సమర్థన అక్కడితో కూలిపోతుంది. ఊట కొండ గుణం. దైవత్వం కొండతో ఒక సమాజం పెట్టుకున్న సంబంధం. మొదటిదాన్ని కొలవవచ్చు, రెండోదాన్ని ఆ సంబంధంలో ఉన్నవారిని అడిగి తెలుసుకోవలసిందే.

విడదీయడంలోని ధర్మం

కొండను పూజించేవారు కొండ నుంచి ఏమీ తీసుకోరని అనుకోవడం పొరపాటు. పోడు కొట్టి చోళ్లు, సామలు, కొర్రలు పండించడం, అడ్డాకులూ చింతపండూ తేనే సేకరించడం, దుంపలు తవ్వుకోవడం, ఇప్పుడు కాఫీ, మిరియాలు, పసుపు సాగుచేసి సంతకు తేవడం ఈ ప్రాంత జీవనం. అయితే తీసుకోవడానికి ఒక వరస ఉంది. మామిడి కొత్త, కొర్ర కొత్త, చిక్కుడు కొత్త వంటి కొత్త పండుగలు జరిపి, తొలి ఫలాన్ని దేవతకు సమర్పించేదాకా ఆ పంటను తినకూడదన్నది ఇక్కడి ఆచారం. చైత్రమాసంలో ఇటుకల పండుగనాడు విత్తనాన్ని పూజించిన తరువాతనే విత్తుతారు. ముహూర్తం నిర్ణయించేవాడు దిసారి. ప్రకృతి నుంచి ఒక భాగాన్ని వేరుచేయడం నిషిద్ధం కాదనీ, అడగకుండా, కాలం రాకుండా, ఇవ్వకుండా వేరుచేయడమే దోషమనీ ఈ ఆచారాల సారం.

ఆదివాసీల ఇళ్లలోనూ సిల్వర్ గిన్నెలు అని పిలిచే అల్యూమినియం పాత్రలున్నాయి గదా, అల్యూమినియం తీగల మీదుగా వచ్చే విద్యుత్తు ఉంది గదా, మరి తవ్వకాన్ని ఎలా కాదంటారన్న ఆక్షేపణ తరచు వినిపిస్తుంది. ఒక పాత్రను వాడినవాడు ఆ పాత్ర రావడానికి జరిగిన ప్రతి పనినీ, జరగబోయే ప్రతి పనినీ ఒప్పుకున్నట్టు కాదు. అంతకన్నా బలమైన సమాధానం లోహం స్వభావంలోనే ఉంది. ఒకసారి ఆక్సిజన్ నుంచి విడిపోయిన అల్యూమినియాన్ని కరిగించి మళ్లీ పాత్రగా పోయడానికి, బాక్సైటు నుంచి తీయడానికి పట్టే శక్తిలో సుమారు 5 శాతం చాలు. లోహాన్ని ఎన్నిసార్లైనా కరిగించవచ్చు. లక్షల సంవత్సరాల వానలు కూర్చిన శిఖరపు పొరను మాత్రం ఏ కొలిమీ తిరిగి పోయలేదు. వెనక్కి తీసుకోగల పనికీ తీసుకోలేని పనికీ మధ్యనున్న ఈ భేదాన్ని గుర్తించకుండా చేసే నిర్ణయం, దాని ఉద్దేశం ఏదైనా, ధర్మబద్ధం అనిపించుకోదు.

తీర్పు ఎవరిది?

కొండను ఖనిజంగా చూడడానికీ, దానితో ఒక సమాజానికున్న సంబంధాన్ని గుర్తించడానికీ మధ్యనున్న భేదాన్ని సుప్రీంకోర్టు తన భాషలో రెండుసార్లు స్పృశించింది. హుకుంపేటకు పొరుగునున్న అనంతగిరి మండలంలో, బొర్రా పరిసర గ్రామాల్లో ఇచ్చిన గనుల లీజుల మీద నడిచి, సమత కేసుగా పేరుపడ్డ వ్యాజ్యంలో, 1997 జూలై 11న సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు కిందకు వచ్చే గిరిజన ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకూ ప్రైవేటు సంస్థలకూ లీజుకు ఇవ్వరాదని చెప్పింది. 2013 ఏప్రిల్ 18న నియమగిరి కేసులో, కోందులలో ఒక శాఖ అయిన డోంగ్రియాలు నియమరాజును కొలిచే హక్కుకు తవ్వకం వల్ల భంగం కలుగుతుందో లేదో నిర్ణయించే పనిని అదే న్యాయస్థానం గ్రామసభలకు అప్పగించింది. నియమరాజు ఉన్నాడా లేడా అన్న విచారణకు న్యాయస్థానం పూనుకోలేదు. ఆ సంబంధాన్ని గురించి చెప్పగలవారు ఎవరన్నదే తేల్చింది. ఆ వేసవి తరువాత సమావేశమైన 12 గ్రామసభలూ తవ్వకం వద్దన్నాయి. చింతపల్లి వైపు జెర్రెల ప్రాంతంలో 1,212 హెక్టార్లలో బాక్సైటు తవ్వకానికి 2015 నవంబరులో వెలువడిన 97వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు మన్యమంతటా నిరసనను ఎదుర్కొని, చివరికి 2019లో రద్దయింది.

ఈ పరిణామాలను విజ్ఞానం మీద విశ్వాసం సాధించిన విజయంగా చూడనవసరం లేదు. విద్యుద్విశ్లేషణ సూత్రాల్లో ఏ ఒక్కటీ ఈ తీర్పులతో అసత్యం కాలేదు. వాటి పరిధి ఎక్కడ ముగుస్తుందో మాత్రం స్పష్టమైంది. ఒక పదార్థాన్ని ఎలా విడదీయవచ్చో, ఎంత విద్యుత్తుకు ఎంత లోహం వస్తుందో, ఏమి మిగిలిపోతుందో, ఏమి కాలిపోతుందో రసాయన శాస్త్రం నిర్దుష్టంగా చెబుతుంది. విడదీయవచ్చా అన్న ప్రశ్నకు అది సమాధానం చెప్పదు; చెప్పాలని దాన్ని కోరడం దాని స్థాయిని పెంచడం కూడా కాదు.

హుకుంపేట పరిసరాల్లో లోహ సంగ్రహణ పాఠాన్ని బోధించే ఉపాధ్యాయులు ఈ పరిధిని పాఠంతో పాటే విద్యార్థులకు చూపడం అవసరం. కాథోడు వద్ద లోహం ఎలా పుడుతుందో చెప్పిన తరువాత, ఆ లోహానికి పట్టిన బాక్సైటు ఎన్ని టన్నులో, విద్యుత్తు ఎన్ని యూనిట్లో, మిగిలిన ఎర్ర బురద ఎక్కడికి చేరుతుందో నల్లబల్ల మీద లెక్కకట్టించాలి. తన ఊరి కొండను దేవత అన్న విద్యార్థిని అజ్ఞానిగా చూడకూడదు. అల్యూమినియం సమీకరణాన్ని సరిగా రాసిన విద్యార్థి తన దేవతకు ద్రోహం చేశానని అనుకునే పరిస్థితీ రాకూడదు. సమీకరణం జాతిని గురించి చెప్పిన సత్యం, కొండ వ్యక్తిగా నిలిచిన సత్యం. ఆ వ్యక్తి మీద నిర్ణయం చేయవలసి వచ్చిననాడు మొదటి మాట అక్కడి గ్రామసభదే కావాలి.